గుండెకు పశువు ఇచ్చిన తలుపు

ఇంటికి తలుపు అమర్చునపుడు వడ్రంగి రెండు సంగతులు చూచును. తీసినపుడు అది అడ్డము లేకుండ పూర్తిగా తెరచుకొనవలెను. వేసినపుడు సందు లేకుండ పూర్తిగా మూసికొనవలెను. ఈ రెంటిలో ఏది తప్పినను ఆ తలుపు చెడినట్లే. మన గుండెలో ఇట్టి తలుపులు నాలుగు కలవు. వైద్యులు వానిని కవాటములందురు. సంస్కృతమున కవాటమన్నను తలుపే గదా!

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రోగులను నేను చిరకాలముగా చూచుచున్నాను. నేను శస్త్రవైద్యుడను కాను. గుండె చప్పుడు విని, తలుపు చెడినదని తోచినవారిని తిరుపతికో, వేలూరికో, బెంగుళూరికో పంపువాడను. చికిత్స జరిగి తిరిగి వచ్చినవారిని తరువాత కనిపెట్టుకొని యుండువాడను. శస్త్రవైద్యుడు రోగిని కొలది గంటలు చూచును; నావంటివాడు ఇరువదేండ్లు చూచును. కావున శస్త్రచికిత్స జరిగిన దినమున తెలియని సంగతులు కొన్ని నాకు తరువాత తెలిసివచ్చినవి. ఈ మూడూళ్లకు చెందిన ముగ్గురి కథలను ఆధారముగా గొని, పశువుల శరీరమునుండి తీసిన కవాటములను మనుష్యుల గుండెలలో అమర్చుటను గూర్చి నేడు మీకు మనవి చేసెదను. వారి పేర్లు చెప్పను. చెప్పుట ధర్మము కాదు.

గుండె పిడికిలి యంత యుండును. దానిలో నాలుగు గదులు. పై రెండింటిని కర్ణికలనియు, క్రింది రెండింటిని జఠరికలనియు పిలుతురు. కర్ణికకును జఠరికకును నడుమ ఒక్కొక్క కవాటము, జఠరికనుండి రక్తము వెలికి పోవు ద్వారమున ఒక్కొక్క కవాటము, వెరసి నాలుగు. ఈ తలుపులకు కీలులు లేవు, గడియలు లేవు. పలుచని పొరతో చేసిన రెండు మూడు రెక్కలు మాత్రమే. రక్తము ముందునకు త్రోసినపుడు అవి తెరచుకొనును, వెనుకకు తగ్గినపుడు మూసికొనును. నిమిషమునకు సుమారు 72 మారులు. అనగా దినమునకు లక్షకు పైగా, సంవత్సరమునకు మూడున్నర కోట్లకు పైగా. ఏ వడ్రంగియు ఇంత పని చేయు తలుపును చేసియుండలేదు.

ఇవి చెడు విధములలో మన దేశమున ముఖ్యమైనవి రెండు. ముదిమిలో బృహద్ధమని కవాటమునకు సున్నము పట్టి, రెక్కలు బిగిసి, తెరచుకొనకుండుట ఒకటి. రెండవది పసితనముననే పుట్టును. అయిదేండ్లకును పదునైదేండ్లకును నడుమనున్న బాలబాలికలకు ఒక జాతి సూక్ష్మక్రిమి వలన గొంతునొప్పి వచ్చును. అది దానంతట అదియే తగ్గును. కాని, రెండు మూడు వారములకు కొందరికి జ్వరము తగిలి, మోకాళ్లు, చీలమండలు వాచి, నొప్పి ఒక కీలునుండి మరియొక కీలునకు ప్రాకును. దీనిని కీళ్లవాత జ్వరమందురు. క్రిమిని చంపుటకు శరీరము పుట్టించిన శక్తి పొరపాటున తన గుండె తలుపులనే గాయపరచును. కీళ్లనొప్పి పోవును, గుండెలో గాయము మిగులును. పదేండ్లకో, ఇరువదేండ్లకో ఆ పిల్ల మెట్లెక్కునపుడు ఆయాసపడును. అప్పుడు నా యొద్దకు తీసికొని వత్తురు.

బిగిసిన తలుపును కొన్నిమారులు తొడ రక్తనాళముగుండ బుడగను పంపి విప్పవచ్చును. చినిగిన తలుపును కొన్నిమారులు కుట్టి బాగుచేయవచ్చును. ఈ రెండును సాధ్యము కానపుడు క్రొత్త తలుపే గతి. 1953లో అమెరికా దేశపు ఫిలడెల్ఫియా నగరమున జాన్ గిబ్బన్ అను వైద్యుడు గుండెకును ఊపిరితిత్తులకును బదులుగా పనిచేయు యంత్రమును మనుష్యునిపై సఫలముగా వాడిన తరువాతనే గుండెను ఆపి, విప్పి, తీరికగా బాగుచేయు మార్గము తెరచుకొనినది. 1960లో ఆరిగన్ రాష్ట్రమున ఆల్బర్ట్ స్టార్ అను శస్త్రవైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరు కలిసి పంజరములో బంతివంటి కవాటమును చేసి రోగికి అమర్చిరి. లోహకవాటము మన్నికైనది. కాని, రక్తమునకు లోహము పరాయిది, తాకినచోట గడ్డకట్టజూచును. అందుచే లోహకవాటము పెట్టించుకొన్నవాడు బ్రతికినన్నాళ్లు రక్తమును గడ్డకట్టనీయని మాత్రలు మ్రింగుచుండవలెను.

మాంసమయమగు గుండెకు మాంసమయమగు తలుపే యేల పెట్టరాదని కొందరు ఆలోచించిరి. 1962లో లండనులో డోనాల్డ్ రాస్ మరణించినవారి గుండెనుండి తీసిన కవాటమును అమర్చెను. అది చక్కగా పనిచేసెను. కాని, మృతుల కవాటములు కోరినపుడు, కోరిన కొలతలో దొరకవు. అపుడు చూపు పశువులపై పడినది. పంది గుండెయు దాని తలుపులును పరిమాణమునను నిర్మాణమునను మన గుండెకు మిక్కిలి సమీపమైనవి. 1965లో పారిస్ నగరమున జాన్ పాల్ బినే, ఆలన్ కార్పెంత్యే అను వైద్యులును వారి సహచరులును పంది కవాటమును మొట్టమొదట మనుష్యునకు అమర్చిరి.

ఆ తొలి కవాటములు ఎక్కువకాలము నిలువలేదు. శరీరము వానిని పరాయివిగా గుర్తించి శిథిలము చేసెను. ఇచ్చట కార్పెంత్యే చేసిన యోచనను మన ప్రాంతపువారు సులభముగ గ్రహింపగలరు. కుప్పము దాటి తమిళదేశములోనికి పోయినచో వాణియంబాడి, ఆంబూరు అను ఊళ్లు వచ్చును. అవి తోళ్లపనికి పేరుపొందినవి. పచ్చితోలును అట్లే విడిచినచో రెండుదినములలో కుళ్లును. పదును చేసినచో చెప్పై, నీటితిత్తియై, వాద్యమునకు మూతయై సంవత్సరములు నిలుచును. పూర్వము మన సీమలో తంగేడు చెక్కను నానవేసిన నీట తోలును పదును చేసెడివారు. చెక్కలోని వగరు తోలు పోగులను ఒకదానితో నొకటి ముడివేయును. పిమ్మట కుళ్లు దానిని అంటదు.

తోళ్లపనిలో వాడుక యగు గ్లూటరాల్డిహైడు అను ద్రవమును 1968 ప్రాంతమున కార్పెంత్యే కవాటములకు వాడి చూచెను. పొరలోని పోగులు బిగిసినవి, జీవకణములు నశించినవి, శరీరమునకు కోపము తెప్పించు గుర్తులు చాలవరకు మరుగుపడినవి. అట్టి కవాటమును అమర్చినచో శరీరము దానిని ఎదిరింపక ఊరకుండెను. కనుక శ్రోతలు గమనింపవలసిన సంగతి యిది: పశువు కవాటము రోగి గుండెలో బ్రతికియుండదు, పెరుగదు. అది పదును చేసిన పొర; ప్రాణము లేని వస్తువు. అయినను, మెత్తగా తెరచుకొని మెత్తగా మూసికొనును.

1971లో ఇంగ్లండులోని లీడ్సు నగరమున మారియన్ ఇయొనెస్కు అను శస్త్రవైద్యుడు మరియొక మార్గము త్రొక్కెను. పశువు కవాటమును తీయుటకు మారుగా, పశువు గుండెను కప్పియుండు సంచివంటి పొరను, అనగా హృదయావరణమును తీసి, పదును చేసి, రెక్కలుగా కత్తిరించి చట్రమునకు కుట్టెను. కవాటమైనచో పశువు గుండె యెంతయో అంతే కొలత. పొరయైనచో దర్జీ కత్తిరించినట్లు కావలసిన కొలతకు కత్తిరింపవచ్చును. నేడు వాడుకలోనున్న పశుకవాటములలో పెక్కులు గోజాతి హృదయావరణముతో చేసినవే. రోగము లేనివని పరీక్షించిన మందలనుండి ఆ పొరను సేకరింతురు. మన దేశమునను గుజరాతులోని వాపి పట్టణమున అట్టివి తయారగుచున్నవి.

2002లో ఫ్రాన్సులోని రువాఁ నగరమున ఆలన్ క్రిబియే అను వైద్యుడు ఇట్టి కవాటమును ముడిచి, సన్నని గొట్టముద్వారా రక్తనాళమునుండియే గుండెలోనికి పంపి, అచ్చట విప్పెను. రొమ్ము కోయలేదు, గుండె ఆపలేదు. లోహపు బిళ్లను అట్లు ముడువ వీలులేదు, పొరను ముడువవచ్చును. పశువు పొరయొక్క మెత్తదనమువలననే ఈ మార్గము సాధ్యమైనది.

“పంది గుండెనే మనిషికి పెట్టినారట గదా?” యని నన్ను పలువురు అడుగుదురు. అది వేరు, ఇది వేరు. 1997లో అస్సాములో ఒక శస్త్రవైద్యుడు పంది హృదయమును మనుష్యునకు అమర్పగా ఆ రోగి ఏడు దినములకే మరణించెను; వైద్యుడు చెరసాలకు పోయెను. 2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండు విశ్వవిద్యాలయమున, జన్యువులు మార్చిన పంది యొక్క హృదయమును అమర్చిరి. రోగి రెండు మాసములు జీవించెను. సజీవమగు అవయవమును శరీరము చేత ఒప్పించుట నేటికిని కష్టసాధ్యము. పదును చేసిన పొరకు ఆ చిక్కు లేదు. లోకమున లక్షలమంది దానిని గుండెలో నుంచుకొని తిరుగుచున్నారు.

అయినచో అందరికిని పశుకవాటమే పెట్టరాదా? పెట్టరాదు. దానికొక కొరత కలదు. అది అరుగును. కాలక్రమమున పొరకు సున్నము పట్టును, రెక్క చినుగును. అరువదేండ్లు దాటినవానికి పదేండ్లు, పదునైదేండ్లు, కొన్నిమారులు అంతకు మించియు నిలుచును. చిన్నవయసువారిలో అది త్వరగా గట్టిపడును. అప్పుడు రెండవ శస్త్రచికిత్స తప్పదు. ఒక తలుపు మన్నికైనది, కాని దినదినము మందు కోరును. మరియొకటి మందును అంతగా కోరదు, కాని ఎన్నాళ్లో నిలువదు. ఏది మేలన్న ప్రశ్నకు ఉత్తరము తలుపులో లేదు. ఆ యింటిలో నివసించువాని బ్రతుకులో కలదు. నా ముగ్గురు రోగులును నాకు నేర్పినది ఇదియే.

మొదటివాడు కుప్పము ప్రాంతపు యువకుడు. గ్రానైటు రాతిపనిలో నుండెడివాడు. ఇరువది నాలుగవయేట లోహకవాటము అమర్చిరి. వయసును బట్టి చూడగా అది సరియైన నిర్ణయమే. రాత్రి నిశ్శబ్దమున అతని ప్రక్కన పరుండినవారికి గోడగడియారమువలె టిక్కు టిక్కుమను చప్పుడు వినవచ్చెడిది. అతని తల్లికి మొదట ఆ చప్పుడు భయము గొలిపెను. తరువాత అదియే జోలపాటయ్యెను. మాత్రలు తప్పక మ్రింగవలెననియు, నెలకొకమారు రక్తము పరీక్ష చేయించుకొనవలెననియు చెప్పి పంపిరి. మాత్ర ఎక్కువైనచో రక్తము కారును. తక్కువైనచో కవాటముపై గడ్డకట్టును. రెండు అంచుల నడుమ దారి యది.

కొన్నాళ్లకు అతడు కూలికై బెంగుళూరు చేరెను. తెల్లవారకమునుపే రైలెక్కి, ప్రొద్దుక్రుంకిన పిదప ఇల్లు చేరువానికి పరీక్షకు తీరిక యెక్కడిది? పరీక్షకు పోయిన దినమున కూలి లేదు. ఒక నెల మానెను, రెండవ నెల మానెను. బాగుగనే యున్నది గదా యని మాత్రలును మానెను. ఒకరాత్రి తల్లి మేలుకొని, “నాయనా, నీ గడియారము వినబడలేదేమిరా?” యని అడిగెను. తెల్లవారుసరికి అతనికి ఊపిరి ఆడలేదు. కవాటముపై గడ్డకట్టి బిళ్ల కదలుట మానినది. వేళకు ఆసుపత్రి చేర్చిరి గనుక గడ్డను కరగించు మందుతో బ్రతికెను. ఆ తల్లి చెవియే ఆ రాత్రి పెద్ద వైద్యుడు. కవాటమును ఎన్నుకొనునాడు అతని వయసును లెక్కించిరి. అతని రైలును, అతని కూలిని ఎవరును లెక్కింపలేదు. లెక్కించియున్నను లోహకవాటమే పెట్టియుందురేమో. కాని, పరీక్ష ఊరిలోనే జరుగునట్లు ముందే ఏర్పాటు చేసియుందురు. ఆ తప్పులో నాకును భాగము కలదు.

రెండవయామె పుంగనూరు ప్రాంతపు కోడలు. ఇరువది మూడేండ్ల వయసు. ఆమె కవాటము బుడగతో విప్పుటకును వీలు లేనంతగా చెడినది. లోహకవాటము పెట్టినచో మాత్రలు మ్రింగవలెను. ఆ మాత్రలు గర్భిణికి, విశేషించి తొలిమాసములలో, పిండమునకు కీడు చేయును. ఆమె బిడ్డను కోరుచున్నది. కావున, పది పండ్రెండేండ్లకు మరల శస్త్రచికిత్స కావలసి వచ్చునని తెలిసియు, పశుకవాటమే మేలని శస్త్రవైద్యుడు నిర్ణయించెను. దానిని ఇంటివారికి చెప్పవలసిన పని నాపై బడెను.

ఆ యింట ఒక పుంగనూరు ఆవు ఉండెడిది. ఆ జాతిని ఎరుగనివారికై ఒక్కమాట. లోకములోని మిక్కిలి పొట్టి గోజాతులలో అది యొకటి. ఎత్తు మూడడుగులు మించుట యరుదు. తక్కువ మేతతో జీవించి, చిక్కని పాలిచ్చును. ఒకప్పుడు అంతరించిపోవునన్న భయము కలుగగా, పలమనేరు పశుపరిశోధన క్షేత్రమున దానిని కాపాడుకొని వచ్చిరి. ఆ యింటి అవ్వ ప్రతి శుక్రవారము ఆ ఆవు పాదములకు పసుపు పూసి, నుదుట కుంకుమ పెట్టి, ప్రదక్షిణము చేసెడిది. నేనది చూచినవాడను. ఆ కవాటము గోజాతి పొరతో చేసినదని చెప్పినచో వారు వద్దందురేమో, పిల్ల చచ్చిపోవునేమో యని భయపడితిని. “శుద్ధిచేసిన పొరతో చేసిన తలుపు” అని మాత్రము చెప్పితిని. అది అబద్ధము కాదు. కాని, నిజమును కాదు.

శస్త్రచికిత్స జరిగెను. రెండేండ్లకు ఆమెకు ఆడబిడ్డ కలిగెను. తల్లియు బిడ్డయు క్షేమము. పిమ్మట ఒకనాడు, కళాశాలలో చదువు ఆ యింటి కుర్రవాడు ఆసుపత్రివారిచ్చిన చీటీని చదివి, కవాటము దేనితో చేసినదో ఇంటిలో చెప్పెను. మరునాడు అవ్వ బస్సెక్కి నా యొద్దకు వచ్చెను. కోపముగా వచ్చునని తలచితిని. ఆమె నెమ్మదిగా కూర్చుండి, “నాయనా, నీకు ముందే తెలుసునా?” యని అడిగెను. తెలుసునంటిని. “చెప్పియుంటే మేము వద్దనియుందుమో, సరేయనియుందుమో, నాకును తెలియదు. కాని చెప్పవలసినది నీవు గదా? రెండేండ్లుగా ఆ తల్లికి మ్రొక్కుచున్నాను. మా యింటి దీపము దానివల్లనే నిలిచినదని తెలియకుండనే మ్రొక్కినాను. ఋణము ఉన్నదని తెలిసి మ్రొక్కేది వేరు, తెలియక మ్రొక్కేది వేరు” అనెను.

నేను మారు పలుకలేకపోతిని. క్షమింపుమని మాత్రమంటిని. పిల్ల ప్రాణము కాపాడుటకై దాచితినని నన్ను నేను సమర్థించుకొనుచుంటిని. నిజమునకు, వారి బుద్ధిపై నాకు నమ్మకము లేకపోవుటచే దాచితిని. పల్లెటూరి వృద్ధురాలు ఇట్టి సంగతిని తూచి చూడలేదని నేను తీర్మానించుకొన్నాను. ఆమె నాకంటె చక్కగా తూచినది. ఆనాటినుండి నేనొక నియమము పెట్టుకొంటిని: ఏ కవాటమైనను, అది ఏ వస్తువుతో చేసినదో, ఏ జంతువునుండి వచ్చినదో, ఎన్నాళ్లు నిలుచునో, తరువాత ఏమగునో రోగికి తెలిసిన మాటలలో చెప్పుదును. నిర్ణయము వారిది.

ఆమె కవాటము పదునొకండవయేట అరిగినది. రెండవ శస్త్రచికిత్స కావలసి వచ్చెను. ఈమారు ఆమెయే అన్నియు అడిగి తెలిసికొని, “బిడ్డ పెరిగినది, ఇక మాత్రలు మ్రింగుటకు నాకేమి అడ్డు?” అని లోహకవాటమును కోరుకొనెను. మొదటి తలుపు ఆమెకు బిడ్డనిచ్చినది. రెండవది ఆ బిడ్డను పెంచుటకు కాలమిచ్చినది. రెండును సరియైనవే. సమయములు వేరు.

మూడవవారు మదనపల్లెలో టమాటా మండీ వ్యాపారము చేసిన సాయిబుగారు. డెబ్బదేండ్లు దాటినవి. బృహద్ధమని కవాటమునకు సున్నము పట్టి, నాలుగడుగులు వేసినచో తల తిరిగెడిది. నా నియమము ప్రకారము ఆయనకు అన్నియు చెప్పితిని: పందిది కలదు, గోజాతిది కలదు, లోహముది కలదు, మీ వయసునకు పశువుది చాలును, జీవితాంతము ఆ గట్టి మాత్రలు అక్కరలేకపోవచ్చును అని. ఆయన గడ్డము నిమురుకొని, “డాక్టరు సాబ్, రెండు దినములు గడువియ్యండి, మా పెద్దలను అడిగి వచ్చెదను” అనెను. మూడవనాడు వచ్చి, “ప్రాణము కాపాడుట ముఖ్యమన్నారు. మరియొక దారి లేకున్న ఏదైనను తప్పులేదన్నారు, దారి ఉన్నది గనుక గోజాతిదే పెట్టించండి” అనెను. గొట్టముద్వారా అమర్చిరి. కొలది దినములకే నడచుచు నా గదికి వచ్చి కూర్చుండెను. అవ్వ నాకు నేర్పిన పాఠమువలన ఆయన యెదుట నేను తలవంచుకొనవలసిన పని లేకపోయినది.

పశువు సొమ్ము తమ దేహమున వలదని లోహకవాటమునే కోరువారును కలరు. వారి నమ్మకమును నేను గౌరవింతును. అయినను, లోహమును కోరినంతమాత్రమున పశువుల ఋణము తీరదు. లోహకవాటము వారు మ్రింగు మాత్రల కథ వినుడు. 1920 తరువాత ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఒకజాతి గడ్డిని మేసిన పశువులు, చిన్న గాయమునకే రక్తము కారి చచ్చుచుండెను. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతొకడు, చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తముతో నిండిన పాలడబ్బాను బండిలో వేసికొని, మంచులో చాల దూరము ప్రయాణముచేసి, కార్ల్ లింక్ అను రసాయనవేత్త యొద్దకు తెచ్చెను. లింకును అతని శిష్యులును కొన్నేండ్లు శ్రమించి ఆ గడ్డిలోని విషమును వేరుచేసిరి. ఆ వంశమునకు చెందిన వార్‌ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగడికెక్కెను. 1954లో మనుష్యులకు ఔషధమయ్యెను. నేడు మనవారు మ్రింగు ఎసిట్రామ్ మాత్రయు ఆ కుటుంబములోనిదే. ఇక, శస్త్రచికిత్స వేళ యంత్రములో రక్తము గడ్డకట్టకుండుటకు ఎక్కించు హెపారిన్ అను మందును నేడు ముఖ్యముగా పంది ప్రేవులనుండియే తీయుదురు. తలుపు లోహముదైనను, దానిని బిగించునపుడు పశువు తోడు కావలసినదే.

మా మదనపల్లెవారికి ఈ ఋణము క్రొత్తది కాదు. ఊరి ప్రక్కన ఆరోగ్యవరములో క్షయరోగులకై వెలసిన చికిత్సాలయము ప్రసిద్ధము. 1950 తరువాత మదనపల్లె పరిసర గ్రామములలో బి.సి.జి. టీకాను గూర్చి జరిగిన పరిశీలనను ప్రపంచ వైద్యులు నేటికిని ప్రస్తావింతురు. ఆ టీకాలోని క్రిమి, పశువులకు క్షయ కలిగించు క్రిమినే ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనువారు పదుమూడేండ్లు పెంచి సాధువు చేసినది. మన చేతిపై నున్న టీకా మచ్చలోనే పశువు గురుతు కలదు.

ఇన్ని చెప్పిన పిదప, అన్నిటికంటె మంచి కవాటమేది యని మీరు అడిగినచో నా ఉత్తరము ఒక్కటే: పుట్టుకతో వచ్చినది. దానిని కాపాడుట మన చేతిలోనే కలదు. పిల్లలకు జ్వరముతో గొంతునొప్పి వచ్చినపుడు ఉప్పునీటితో పుక్కిలించి ఊరకుండవలదు, వైద్యునకు చూపుడు. ఆ క్రిమియే కారణమైనచో పెన్సిలిన్ జాతి మందుతో నయమగును. మందు వైద్యుడు చెప్పినన్నాళ్లు పూర్తిగా వాడవలెను. కీళ్లు ఒకదాని తరువాత ఒకటి వాచినచో ఆలస్యము చేయవలదు. ఒకమారు కీళ్లవాత జ్వరము వచ్చిన బిడ్డకు, మూడు నాలుగు వారములకొకమారు పెన్సిలిన్ సూది, వైద్యుడు నిర్ణయించినన్ని సంవత్సరములు తప్పక వేయింపవలెను. బిడ్డ ఆడుచు పాడుచు నున్నది, ఇక సూది యెందుకని మానివేయుదురు. అచ్చటనే తలుపు చెడుట మొదలగును. నొప్పిగల చిన్న సూది యది. కాని అది మానినచోట శస్త్రవైద్యుని కత్తి వచ్చును.

తలుపు మార్చవలసియే వచ్చినచో భయపడవలదు. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలైన ప్రభుత్వ పథకమువలన పేదలకును ఈ చికిత్స అందుబాటులోనికి వచ్చినది. పోవుటకు ముందు మాత్రము మీ వైద్యుని నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఈ కవాటము దేనితో చేసినది? ఎన్నాళ్లు నిలుచును? ఏ మందు, ఎంతకాలము? నా పనికి, నా సంసారమునకు ఇది సరిపడునా? ఈ ప్రశ్నలకు విసుగుకొను వైద్యుడు నావలెనే ఇంకను పాఠము నేర్వవలసినవాడు.

ఆ యవ్వ ఇపుడు లేదు. ఆ మనుమరాలు కళాశాలలో చదువుచున్నది. పుంగనూరు మీదుగా పోయినపుడు నేను వారి యింటికి పోవుదును. గుమ్మము ప్రక్కన పొట్టి ఆవు, ఆ పాత ఆవు సంతతిది, ఇప్పటికిని కట్టియుండును. శుక్రవారమైనచో దాని పాదములకు పసుపు కనబడును. ఇపుడు పూయునది ఆ కోడలే. ఎందులకు పూయుచున్నదో ఆమెకు బాగుగ తెలియును.